ఏటవాలు వెలుగు

నాకు చట్రాలు కట్టడమే తెలుసు.
త్రియెస్తేలో, కావానా వీధి చివర,
రొట్టెల బట్టీకి ఆనుకుని నా కొట్టు.
మిలేవా బొమ్మలకు చట్రం కట్టడమంటే
ఖాళీని మేకు కొట్టి తగిలించడమే అనుకునేవాణ్ణి.
తెల్ల కాగితం, దాని మీద తెలుపు.
"బొమ్మేదీ?" అని గిరాకీ అడిగితే
అద్దం తుడుస్తూ నిలబడేవాణ్ణి.

కొలతలు తప్పిచ్చిందని పోట్లాడ్డానికే
మొదటిసారి ఆమె గదికి వెళ్ళాను.
నాలుగంతస్తులెక్కి రొప్పుతుంటే
"ముందు తలుపెయ్యి, బోరా వస్తోంది" అంది.
మా ఊళ్ళో గాలికి పేరుంది.
ఆ పేరు జోలికి ఇంతవరకూ ఎవరూ పోలేదు.
కిటికీ సందుల్లో పాత మేజోళ్ళు కుక్కి ఉన్నాయి.
బల్ల నిండా కత్తిరించిన ముక్కలు,
ముక్కకో గులకరాయి బరువు.
అయినా ఒకటి లేచొచ్చి నా చొక్కాకి అంటుకుంది.
తిరగేసిన అక్షరం.
"అది ఇటియ్యి, తాతది" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళు నోటరీ ఆఫీసులో
పొడిముద్ర నొక్కిన చెయ్యి ఆమెది.
ఇల్లు అమ్మినా, వీలునామా రాసినా,
అన్నదమ్ములు ద్రాక్షతోట పంచుకున్నా
చివర్న ఆమె మోచేతి బరువు పడాల్సిందే.
అందుకే కుడి భుజం కాస్త కిందికి.
"సిరాని గీకెయ్యొచ్చు," అంది,
"నొక్కుని గీకి చూడు, కాగితమే పోతుంది."

తాత వోదోపివెత్స్.
నీళ్ళు తాగేవాడని ఆ పేరుకి అర్థం.
ఒకరోజు సర్కారు నుంచి కాగితమొచ్చింది,
ఇకమీదట బెవిలాక్వా అని.
దానికీ అర్థం అదే.
"ఏం పోయిందయ్యా నీకు?" అన్నాడట గుమాస్తా,
"అవే నీళ్ళు, అదే తాగడం!"
పేరులోనే నీళ్ళున్న మనిషి
ఆ బల్ల ముందు నీళ్ళు నమిలాడు.
సంతకం పెట్టి,
దార్లో కుళాయి కనబడితే ఆగి
చాలాసేపు తాగాడట.
ఇది వాళ్ళ నాయనమ్మ చెప్పింది, నిజమో కాదో.

వెడల్పాటి పళ్ళెంలో కాగితం నానుతోంది.
"ముందు దీని దాహం తీరాలి," అంది మిలేవా,
"పొడి కాగితం మాట వినదు, చిరుగుతుంది."
పట్టు కోసం నన్నే చక్రం తిప్పమంది.
కొలతల సంగతి ఎప్పుడు మర్చిపోయానో తెలీదు.
ఉన్నిగుడ్డ ఎత్తితే
కాగితం మీద ఏమీ లేదు.

ఆమె పైదీపం ఆర్పేసింది.
బల్లదీపం తెచ్చి
కాగితం అంచు పక్కన, నేలబారుగా పెట్టింది.
ఒక్కో అక్షరం వెనక నీడ లేచింది.
తాత లేచి కూర్చున్నట్టు అని రాయను.
అక్షరాలకి గట్లు కనబడ్డాయి, అంతే.
నాకెందుకో గొంతెండింది.

కొత్తపేరుని మాత్రం ఆమె నొక్కలేదు,
కాగితం ఆరాక సన్నకత్తితో కోసింది,
పాతపేరుకి అడ్డంగా, కన్నాలు కన్నాలుగా.
"దీన్ని పారెయ్యొచ్చుగా?" అన్నాను.
"ఆ పేరుతోనే నాన్న బడికెళ్ళాడు.
దాని మీదే నాకు జీతమొచ్చింది" అంది,
కత్తిమొన మీది పొట్టు ఊదేసి.
రెండూ కలిసేచోట
సగం గట్టు, సగం గుంట.
అద్దం తగిలితే అణిగిపోతుందని
వేలెడు ఎడం ఉంచమంది.
చట్రం లోతు పెరిగింది, ఖరీదూ పెరిగింది,
మళ్ళీ కాసేపు పోట్లాడుకున్నాం.

నా కొట్టు బోర్డు మీద కొస్సి అని ఉంటుంది.
మా తాత కాలంలో కోసిచ్.
ఈ మాట ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు.
ఆ రాత్రి కొట్టు మూశాక
మిగిలిన అట్టముక్క తీసుకుని
రాలిపోయిన ఆ చివరి అక్షరాన్ని
బొటనగోటితో గట్టిగా నొక్కాను.
దీపం ఎన్ని పక్కల పెట్టి చూసినా
గీత నిలవలేదు.

తడపడం మర్చిపోయాను.